ఆరు గుక్కల సముద్రం

2 ఫిబ్రవరి 1984, గురువారం

ఎరువుల కంపెనీ వాళ్ళు నాన్నకిచ్చిన డైరీ ఇది. జనవరి అంతా ఖాళీగా పడుంది. ఈ రోజు నుంచి నాది. ఇది తీసి చదివినవాళ్ళ కళ్ళలో యాసిడ్ పడాలని మొదటి వాక్యం రాసి వెంటనే కొట్టేశాను. నాన్న కళ్ళు పోయింది యాసిడ్ వల్లే. నా నోటికి అడ్డూ అదుపూ లేదని అమ్మ ఊరికే అనదు.

సంగతి ఇది. మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ నాన్న చాలా మామూలుగా అన్నాడు: "ఈస్టర్ వెళ్ళిన సోమవారం నుంచి యేసురాజు వచ్చి కొట్లో కూసుంటాడు."

యేసురాజు మా పెదనాన్న కొడుకు. విశాఖపట్నంలో ఏదో గ్యారేజీలో నాలుగేళ్ళుండి నాలుగు ఇంగ్లీషు మాటలూ ఒక నల్లకళ్ళద్దాల జతా సంపాదించాడు.

"మరి నేను?" అన్నాను.

"రెండేళ్ళు సేసేవు కదమ్మా, సాలు. లారీ డ్రైవర్లు వచ్చి మేస్త్రీ ఏడీ అని అడుగుతుంటే నాకు సిన్నతనంగా ఉన్నాది."

రెండేళ్ళు. నర్సీపట్నంలో తిరిగే లారీల్లో, ట్రాక్టర్లలో సగం బ్యాటరీలు ఛార్జి చేసింది నేను. ప్లేట్లు మార్చింది నేను. నాన్న ముందు గదిలో కుర్చీలో కూర్చుంటాడు, నేను వెనక గదిలో పని చేస్తాను. పట్టుకెళ్ళేవాళ్ళు "నీ చెయ్యి పడితే సాలు జీవరాజూ" అని ఆయన్ని మెచ్చుకుంటారు. ఆయన మీసం దువ్వుకుంటాడు.

నాకేం పట్టింపు లేదు.

5 ఫిబ్రవరి, ఆదివారం

చర్చిలో యేసురాజు నా వంక చూసి నవ్వాడు. నేను పాటల పుస్తకం వంక చూసి పాడాను. గట్టిగా పాడాను.

6 ఫిబ్రవరి, సోమవారం

ఈ రోజు పెద్ద రోజు.

పదకొండు గంటలకి ఒక మనిషి వచ్చి జీవరాజు మేస్త్రీ ఎవరని అడిగాడు. పేరు మత్స్యరాజు. నక్కపల్లి దాటాక సముద్రం ఒడ్డున వాళ్ళ పాలెం. కిందటేడు బోటుకి డీజిల్ ఇంజను పెట్టించాడట. ఇప్పుడు లైటు కావాలన్నాడు.

"పోయిన్నెల మా మీదికి ట్రాలరు వచ్చీసిందండి. పెద్ద ఇనప ట్రాలరు. వల రెండు ముక్కలు సేసీసి, మా బోటుకి బారెడు దూరంలోంచి ఎల్లిపోనాది. మాకున్నది లాంతరు. అది గాలికి ఆరిపోనాది. సీకట్లో ఆడికి మేం ఏటి అవుపడతాం? బోటులో ఆరుగురం ఉన్నాం బాబూ."

నాన్న ఏదో చెప్పబోయేలోపు నేను ముందుకొచ్చి, బోటు ఎంత పొడుగు, లైట్లు ఎన్ని, ఎన్ని గంటలు వెలగాలి అని అడిగాను. అతను జవాబులన్నీ నాన్నకి చెప్పాడు. నేను కుర్చీ వెనక నిలబడ్డ గోడనన్నట్టు.

అతన్ని టీ తాగమని పంపించి నాన్న మీద పడ్డాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. చాలా మాట్లాడాను. చివరికి నాన్న చెయ్యెత్తి, "సరే. ఈ బోటు లైట్లు నువ్వు పెట్టు. ఈస్టర్ నాటికి అవి ఎలుగుతుంటే కొట్టు నీది. ఎలక్కపోతే యేసురాజుది. ఇంక మాటల్లేవు" అన్నాడు. అమ్మ గుమ్మంలోంచి విన్నది. సాక్షి ఉంది.

సాయంత్రమంతా కూర్చుని ఆలోచించాను. బోటులో బ్యాటరీ పెట్టడం కష్టం కాదు, దాన్ని ఎలా ఛార్జి చేస్తామన్నదే పెద్ద ప్రశ్న. పాలెంలో ఛార్జరు పెడదామంటే అక్కడ కరెంటు వచ్చేదే తక్కువ. ఇంజనుకి బెల్టు వేసి డైనమో తిప్పితే బోటులోనే ఛార్జి అవుతుంది. కాని ఉప్పుగాలికి డైనమో ఎన్నాళ్ళుంటుంది? కాబట్టి రెండు బ్యాటరీలు. ఒకటి బోటులో, ఒకటి నా కొట్లో. సోమవారం, గురువారం బస్సు మీద వేసుకొచ్చి మార్చుకోవాలి. ఇదే శాస్త్రప్రకారం మంచిది.

(వారానికి రెండుసార్లు అతను బ్యాటరీ మోసుకుని బస్టాండు నుంచి మా కొట్టు దాకా వస్తుంటే ఊరంతా చూస్తుంది. అది కారణం కాదు. ఊరికే రాశాను.)

9 ఫిబ్రవరి, గురువారం

మొదటి బ్యాటరీ వెళ్ళింది. బ్యాటరీ ఆరు గదుల్లోనూ హైడ్రోమీటరు పన్నెండు వందల అరవై చూపించింది, అంటే నిండా ఛార్జి. కొత్త పెళ్ళికూతుర్ని పంపినట్టు పంపాను.

13 ఫిబ్రవరి, సోమవారం

మొదటిది తెచ్చాడు, రెండోది పట్టుకెళ్ళాడు. లైటు నాలుగు రోజులూ వెలిగిందన్నాడు. ఈసారి ఆ మాట నాతోనే అన్నాడు. "అమ్మా" అన్నాడు.

20 ఫిబ్రవరి, సోమవారం

లైటు రెండు రోజులే వెలిగిందట. బస్సులో కుదుపులకి ప్లేట్లు కదిలి ఉంటాయి.

23 ఫిబ్రవరి, గురువారం

ఒక్క రోజు. రెండో బ్యాటరీ కూడా అంతే. పాత ప్లేట్లు అయి ఉంటాయి. పాతవి కావు, నేనే వేశాను. కరెంటు కోత వల్ల ఛార్జి సరిగ్గా ఎక్కలేదేమో. అదే అయి ఉంటుంది.

27 ఫిబ్రవరి, సోమవారం

పట్టుకెళ్ళిన సాయంత్రమే ఆరిపోయిందట. మత్స్యరాజు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "మళ్ళీ లాంతరు కట్టుకుంటన్నాం అమ్మా" అన్నాడు.

బ్యాటరీని ఛార్జింగుకి పెట్టాను. పది నిమిషాలైందో లేదో, ముందు గదిలోంచి నాన్న గొంతు. "ఇదేటి వాసన?" ఆయనకి కళ్ళు పోయాక ముక్కు రెట్టింపయింది. తడుముకుంటూ వెనక గదిలోకొచ్చి బ్యాటరీ మీదికి వంగాడు. "బ్లీచింగ్ పౌడరు. పంచాయతీ వాళ్ళు నూతుల్లో సల్లే బ్లీచింగ్ పౌడరు వాసన."

నాకూ వచ్చింది. ముక్కు మండింది.

"నూతినీళ్ళు పోసేవు కదే" అన్నాడు నాన్న. "డిస్టిల్డ్ వాటరు కాయడానికి బద్ధకించి నూతినీళ్ళు పోసేవు. నేనెప్పుడైనా అలాటి పని సేసేనా?"

పొయ్యలేదన్నాను. బైబిలు మీద ఒట్టేస్తానన్నాను. నాన్న కర్ర పట్టుకుని వెళ్ళిపోయాడు.

29 ఫిబ్రవరి, బుధవారం

ఏడ్చాను. రాయకూడదనుకున్నాను, కాని ఈ డైరీలో కూడా అబద్ధాలు రాసుకుంటే ఇంక ఎక్కడ నిజం చెప్పుకోవాలి. నాన్న నన్ను నమ్మలేదు. లారీ డ్రైవర్లు నమ్మకపోతే పోయారు, రెండేళ్ళు ఆయన పక్కన పని చేశాను.

3 మార్చి, శనివారం

యేసురాజు వచ్చాడు. ఇప్పటినుంచే కొలతలు తీసుకుంటున్నాడు, బల్ల ఇటు జరపాలి, ఛార్జరు అటు పెట్టాలి అని. మత్స్యరాజు బోటు సంగతి విని, "అక్కడ ఆల్టర్నేటరు పెట్టాలి చెల్లీ, డైనమోల్లో అదే లేటెస్టు" అన్నాడు.

"పాలెంలో అది పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్నయ్యా, నువ్వు రోజూ వెళ్తావా?" అన్నాను. నల్లకళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

అతను వెళ్ళాక నాన్నని అడిగాను, ఈస్టర్ దాకా అంటే ఈస్టర్ దాకానే కదా అని.  "మాటంటే మాటే" అన్నాడు.

అయితే నేను వెళ్ళి చూస్తాను. బ్యాటరీ నా చేతిలోంచి వెళ్ళాక దానికేం జరుగుతోందో నా కళ్ళతో చూస్తాను.

6 మార్చి, మంగళవారం

ఇది పూర్తిగా రాయాలి.

పొద్దున్న బస్సుకి బ్యాటరీ నేనే ఎక్కించుకున్నాను. యాసిడ్ సామాను ఎక్కించనని కండక్టరు గొడవ. "ఇది పొంగలి గిన్నె లాంటిదే, ఒలక్కుండా పట్టుకుంటాను" అని ఒళ్ళో పెట్టుకున్నాను. నక్కపల్లిలో దిగి, మత్స్యరాజు బండి కట్టుకొస్తే అందులో పాలెం వెళ్ళాను. సముద్రాన్ని ఇంత దగ్గరగా చూడడం ఇదే మొదటిసారి. దాని సంగతి రాయడానికి టైము లేదు.

మూడు గంటలకి బోటు నీళ్ళలోకి తోస్తారట. నేను బ్యాటరీ దించి ఇసకలో పెట్టి పక్కకి జరిగాను. వల సర్దుతున్నట్టు నటించాను. అప్పుడు మత్స్యరాజు తల్లి సోమలమ్మ వచ్చింది. డెబ్భై ఏళ్ళుంటాయి. చుట్ట కాలుస్తోంది. అరవబోయాను, ఛార్జి అయిన బ్యాటరీ దగ్గర నిప్పు పెడితే పేలుతుంది కదా. తీరా చూస్తే అడ్డపొగ, నిప్పున్న కొస నోట్లోనే ఉంది. హమ్మయ్య అనుకునేలోపే ఆవిడ చెంబు కింద పెట్టి, మేకుతో బ్యాటరీ మూతలు ఒక్కొక్కటీ తిప్పి తీసి, చెంబులో నీళ్ళు చేత్తో పట్టి ఒక్కో గదిలో ఒక్కో పుడిసెడు పోసింది. ఆరు గదుల్లోనూ. ఎంతో ప్రేమగా పోసింది.

నేను పరుగెత్తాను. "అమ్మా, అదేం పోస్తున్నావు?"

"సంద్రం నీల్లు" అంది ఆవిడ, ఇది కూడా తెలీదా అన్నట్టు. "నేల మీంచి వచ్చినాదేదైనా బోటెక్కే ముందు గంగమ్మ నీల్లు తాగాల. లంగరైనా, తాడైనా, తెడ్డైనా. తాగకపోతే సంద్రం దాన్ని పరాయిదనుకుంటాది."

"ప్రతిసారీ పోస్తున్నావా?"

"నేల మీదికెల్లి వచ్చిన పెతిసారీ. తాడుకి నోరులేదు, తడిపితే సాలు. దీనికి ఆరు నోల్లున్నాయి కదేటి, పాపం. ఆరింటికీ పోత్తన్నాను."

ఇసకలో కూలబడ్డాను. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి. ఉప్పునీళ్ళు యాసిడ్‌లో పడి, ఛార్జింగు పెట్టగానే బ్లీచింగ్ వాసన. వారానికి రెండుసార్లు నేను శ్రద్ధగా ఛార్జి చేసి పంపడం, వారానికి రెండుసార్లు ఈవిడ శ్రద్ధగా చంపడం. బ్యాటరీ నేల మీదికి రాకపోయి ఉంటే ఈవిడ ఒక్కసారే పోసేది. రప్పించింది ఎవరు? నేను. బస్టాండు నుంచి కొట్టు దాకా ఊరంతా చూడాలని. శాస్త్రం కాదు, గాడిదగుడ్డూ కాదు.

ఉప్పు పడితే బ్యాటరీ చచ్చిపోతుందని మెల్లగా చెప్పాను. సోమలమ్మ చుట్ట తీసి చేత్తో పట్టుకుంది.

"నా మొగుడు కొత్త తెడ్డు తెచ్చుకుని, బేగి ఎల్లాలని దానికి తాగించకుండా ఎల్లిపోనాడు. రాలేదు. నాకు ఇరవై రెండేల్లు అప్పటికి. నీ లైటు కావాలా, నీ కొడుకు కావాలా అంటే నాను కొడుకే అంటాను గుంటా. నువ్వైనా అదే అంటావు."

 నా దగ్గర హైడ్రోమీటరు ఉంది, దీన్ని కొలవడానికి అది పనికిరాదు.

7 మార్చి, బుధవారం

నాన్నకి అంతా చెప్పాను. ఆరు నోళ్ళ దగ్గరికొచ్చేసరికి నాన్న పొలమారేలా నవ్వాడు. కళ్ళు పోయాక అలా నవ్వగా నేను వినలేదు. నవ్వి, ఆగి, "నేను నిన్ను అనకూడని మాట అన్నానమ్మా" అన్నాడు.

తర్వాత డైనమో సంగతి ఎత్తాను. ఇంజనుకి డైనమో బిగిస్తే బ్యాటరీ ఒక్కసారే బోటెక్కుతుంది. ఇక దిగదు. ఉప్పుగాలి తగలకుండా చెక్కపెట్టె చేయించి లోపల తారు పూయిస్తాను. కార్బన్ బ్రష్షులు అరిగితే మార్చుకోవడం మత్స్యరాజుకి నేర్పిస్తాను.

"ఛార్జింగ్ కొట్టు పెట్టుకుని, ఛార్జింగుకి రానక్కర్లేని పని సేస్తావేటే?" అన్నాడు నాన్న. అన్నాక అటక మీదున్న పాత జీపు డైనమో దింపమన్నాడు. దాన్ని పన్నెండేళ్ళుగా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

12 మార్చి, సోమవారం

డైనమో లోపల తిరిగే ఆర్మేచరు శుభ్రం చేశాను. నాన్న వేళ్ళతో తడిమి, ఇక్కడ ఇంకా గరుకుగా ఉంది అన్నాడు. మళ్ళీ రుద్దాను. మళ్ళీ తడిమాడు. నాలుగుసార్లు. నాకు కోపం రాలేదు, ఇది వింతే.

బోటు ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది, దాని వేగానికి డైనమో ఛార్జి ఇవ్వదు. ఇంజను వైపు పెద్ద పుల్లీ వేస్తే డైనమో రెట్టింపు తిరుగుతుంది. లేతు షాపులో చేయించాను. లేతు ఆయన ఈ లెక్క ఎవరు కట్టారని అడిగాడు. నేనే అన్నాను. నాన్నకి వినబడేలా అన్నాను.

17 మార్చి, శనివారం

నేను ఈ రోజు సముద్రం తాగాను.

పొద్దున్నుంచి బోటులోనే పని. డైనమో బిగించి, బెల్టు వేసి, తారు పెట్టెలో కొత్త ప్లేట్లు వేసిన బ్యాటరీ పెట్టడానికి అంతా సిద్ధం చేశాను. బ్యాటరీ మాత్రం ఇంకా ఇసకలోనే ఉంది. పాలెంలో పనిలేని వాళ్ళంతా చేరారు. పనున్నవాళ్ళు కూడా. అప్పుడు సోమలమ్మ చెంబు పట్టుకుని వచ్చింది. డైనమోకి నోరు లేదని తేల్చి దాని పుల్లీ మీద రెండు చుక్కలు చల్లింది. తర్వాత బ్యాటరీ దగ్గర కూర్చుని మేకు తీసింది.

మూతల మీద నా రెండు చేతులూ పెట్టేశాను.

"అమ్మా, దీని కడుపులో ఉన్నది నేను పోసిన నీళ్ళే. ప్లేట్లు నేను వేసినవే. ఇది నా చేతిలో పుట్టింది. దీనికి బదులు నేను తాగితే ఒప్పదా?"

 మత్స్యరాజు తల్లి వంక చూశాడు. సోమలమ్మ నోట్లో చుట్టని ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి తిప్పింది. నా మొహం చూసింది, బ్యాటరీని చూసింది, సముద్రాన్ని చూసింది. నాకు తెలిసిన పరీక్షలన్నింటిలోకీ ఇదే పెద్దది.

"బిడ్డకి బదులు తల్లి తాగితే ఒప్పుతాది" అంది ఆఖరికి. "దానికి ఆరు నోల్లు. ఆరు గుక్కలు. ఉమ్మకూడదు."

తాగాను. మొదటి గుక్కకి గొంతు మండింది. మూడో గుక్కకి కళ్ళ నీళ్ళు. అయిదో గుక్కకి ఈ బ్యాటరీ, ఈ కొట్టు, యేసురాజుతో సహా అన్నీ వదిలేద్దామనిపించింది. ఆరోది కూడా మింగాను. సోమలమ్మ నా గడ్డం పట్టుకుని నోరు తెరిపించి లోపల చూసి, "తాగీసింది" అని అందరికీ చెప్పింది. చెంబులో మిగిలిన నీళ్ళు నా నెత్తిన పోసింది. బోటు మనుషులు ఆరుగురూ బ్యాటరీని పసిపిల్లలా ఎత్తుకుని పెట్టెలో దించారు.

ఆ తర్వాత ఎండుచేపల పందిరి వెనక్కి వెళ్ళి కక్కుకున్నాను. ఉమ్మకూడదంది గాని కక్కకూడదనలేదు.

నాలుగున్నరకి బోటు తోశారు. నేనూ ఎక్కాను. మత్స్యరాజు హ్యాండిలు తిప్పాడు, ఇంజను అందుకుంది, వేగం పెంచాడు. డైనమో కరెంటుని బ్యాటరీకి కలిపే కటౌటు టక్‌మంది. మీటరు ముల్లు లేచి ఛార్జి వైపు వాలి అక్కడే నిలబడింది. స్విచ్చి వేశాను. కొయ్య చివర బల్బు వెలిగింది. ఇంకా వెలుతురు ఉండగానే వెలిగించానని మత్స్యరాజు నవ్వాడు. ఒడ్డున సోమలమ్మ చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. నేను అరిచాను. ఏం అరిచానో తెలియదు, మాటలు కావవి.

నాన్నా, వెలిగింది.

24 మార్చి, శనివారం

కబురు లేదు.

31 మార్చి, శనివారం

కబురు లేదు. బ్యాటరీ పెట్టే బల్ల ఖాళీగా ఉంది. కబురు లేదంటే మంచిదేనని నాన్నకి చెప్పాను. ఆయన నాకు అదే చెప్పాడు. ఇద్దరం వీధి చప్పుడు వింటూ కూర్చున్నాం.

7 ఏప్రిల్, శనివారం

రెండు రోజులు గాలి. అన్నం సయించలేదు. ఆరుగురు ఉన్నారు ఆ బోటులో.

14 ఏప్రిల్, శనివారం

మత్స్యరాజు వచ్చాడు. బుట్టలో వంజరం చేపలు, మొహమంతా నవ్వు.

గాలి రోజున మళ్ళీ ట్రాలరు వచ్చిందట. "తిన్నగా మా మీదికే అమ్మా. మావోడు దూకీడానికి లేచి నిలబడిపోనాడు. లైటు ఎలుగుతానే ఉన్నాది. ఆడికి అవుపడినాది. బో అని కూతేసి పక్కకి తిప్పీసాడు. వల కూడా తెగలేదు." నెల రోజుల్లో లైటు ఒక్కసారి కూడా ఆరలేదట.

ఇదంతా నాన్న ముందే, నా మొహం చూసి చెప్పాడు. అమ్మ చేపలు కడుగుతూ పాడుకుంది.  బతికారు. ఆరుగురూ బతికారు.

22 ఏప్రిల్, ఆదివారం

ఈస్టర్. నాన్న ఏమీ అనలేదు. నేను అడగలేదు. యేసురాజు చర్చిలో కనబడి, "రేపు పొద్దున్నే వచ్చేస్తాను" అన్నాడు. అతనికెవరూ చెప్పలేదు కాబోలు. లేక నాన్న మనసు మారిందా?

23 ఏప్రిల్, సోమవారం

యేసురాజు ఎనిమిదిన్నరకి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి కొట్లో నిలబడ్డాడు. నేను వెనక గదిలో ట్రాక్టరు బ్యాటరీ కడుగుతున్నాను. నాన్న కుర్చీలో ఉన్నాడు. 

తొమ్మిదింటి బస్సుకి పాలెం మనుషులు దిగారు. తొమ్మిది మంది. అందరూ బోట్లున్నవాళ్ళే. మత్స్యరాజు లైటు చూశారట, అందరికీ అలాంటి డైనమో కావాలట. ముందున్న పెద్దమనిషి చేతులు కట్టుకుని నాన్నతో అన్నాడు: "సోమలమ్మ మరీ మరీ సెప్పింది బాబూ. సంద్రం తాగిన మనిషే రావాలంట. ఇంకెవులు బిగించినా బోటెక్కనివ్వదంట."

యేసురాజు నల్లకళ్ళద్దాలు తీసి, వాళ్ళ వంకా నాన్న వంకా చూశాడు.

నాన్న కుర్చీలోంచి లేచాడు. కొట్టు కొట్టంతా వినబడేలా పిలిచాడు.

"మేస్త్రీ!"

"వస్తన్నా బాబాయ్" అన్నాడు యేసురాజు, ఒక అడుగు ముందుకేసి.

"నిన్ను కాదురా" అన్నాడు నాన్న. "మా మేస్త్రీని పిలిచేను. లోపల పనిలో ఉన్నాది, సేతులు కడుక్కుని వస్తాది. మీరు కూసోండి."